టెంపో ఆగిన చోటే ఒక అంగడి

మిట్టేమరిలో మాది చిల్లర అంగడి. మా నాయన పెట్టింది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. బాగేపల్లి తాలూకాలో మా వైపు ఊళ్లలో అంగడి అంటే గల్లాపెట్టె పక్కన ఉద్దర పుస్తకం కూడా ఉండాల్సిందే. పాల డబ్బు పక్షానికోసారి వస్తుంది. పట్టుగూళ్ల డబ్బు పంట దిగినప్పుడు వస్తుంది. శనక్కాయల డబ్బు ఏడాదికోసారి, అదీ వాన కరుణిస్తే. పొయ్యి మాత్రం రోజూ వెలగాలి. డబ్బు వచ్చే రోజుకీ పొయ్యి వెలిగే రోజుకీ మధ్య ఉన్న ఎడమంతా మా పుస్తకంలో బాకీగా కనిపిస్తుంది. కూతురి పురిటికి ఎవరు ఎంత తీసుకుపోయారో, ఎవరింట్లో దినానికి ఎన్ని సేర్ల బియ్యం వండారో ఆ పుస్తకం చూసి చెప్పవచ్చు. బ్యాంకుకు తెలియని మనుషులు అందులో ఉంటారు.

అలాంటి పుస్తకం ముందు ఇన్నేళ్లు కూర్చున్నవాణ్ని, 2021 చివర్లో చేసిన రెండు పనులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఒకటి మంచిదనుకుని చేశాను, రెండోది తప్పనిసరి అనుకుని చేశాను. రెండూ ఒకే తప్పు అని తెలుసుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది.

ఆ ఏడాది నవంబరు వానలు మాకు కొత్త. మాది కరువు నేల. బోర్లు వెయ్యి అడుగుల లోతుకు పోయే చోటు. అలాంటి చోట వాన ఆగకుండా పడితే ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. పీకి కుప్పేసిన శనక్కాయలు నల్లబడ్డాయి. కోతకొచ్చిన రాగి పైరు పడిపోయి, కంకుల్లోనే మొలకలొచ్చాయి. టమోటా తోటలు నీళ్లలో కుళ్లాయి. పట్నాల్లో టమోటా కిలో వంద రూపాయలు దాటిందని టీవీల్లో చెబుతుంటే, మా ఊరి రైతు దగ్గర అమ్మడానికి కాయ లేదు. పాత మట్టి మిద్దెలు నానిపోయి రాత్రిపూట కూలాయి. పూర్తిగా కూలిన ఇంటికి 5 లక్షలు ఇస్తామని కర్ణాటక ప్రభుత్వం ప్రకటించింది. ఆ లెక్కలో చేరడానికి జనం ఫోటోలు పట్టుకుని తాలూకా కచేరీ చుట్టూ తిరగసాగారు.

అయినా మా కష్టం కన్నా ఏటి దిగువన ఉన్నవాళ్ల కష్టమే పెద్దది. మా బాగేపల్లి పక్కన పారే చిత్రావతే అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి మండలంలో వెల్దుర్తి దగ్గర పదిమందిని ఏటి నడుమ నిలబెట్టింది. జేసీబీ మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డ వాళ్లను హెలికాప్టర్ వచ్చి తీసుకుపోయింది. నంది కొండల నుంచి దిగి మా వైపు మీదుగా పోయే పాపఘ్ని, కమలాపురం దగ్గర వంతెనను కూల్చింది. నవంబరు 19, కార్తీక పౌర్ణమి. ఆ తెల్లవారుజామున చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. రాజంపేట, నందలూరు వైపు పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు లాంటి ఊళ్ల మీద ఏరు పడింది. నీళ్లు తీసేసరికి ఇళ్ల చోట పునాదులు, పొలాల చోట ఇసుక మేటలు మిగిలాయి. గొడ్లు కొట్టుకుపోయాయి, మనుషులు పోయారు. అప్పటికింకా అది కడప జిల్లానే. అన్నమయ్య జిల్లా అయింది మరుసటి ఏప్రిల్‌లో.

మా ఊళ్లో చాలామందికి ఆ వైపు చుట్టరికాలు ఉన్నాయి. ఇక్కడ బళ్లో కన్నడం చదివినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆ ఏడుపులు టీవీలో వింటుంటే మన ఇంటి ఏడుపుల్లాగే వినిపించాయి. కుర్రాళ్లు, బడి అయ్యవార్లు, పాల సంఘం వాళ్లు కలిసి చందా పోగుచేశారు. పంట పోయిన రైతు కూడా జేబులోంచి వంద తీసి ఇచ్చాడు. సరుకు వ్యవహారం తెలిసినవాడినని కొనే పని నాకు అప్పగించారు. నాకది గర్వంగా ఉండింది.

నేను బాగానే కొన్నాననే అనుకున్నాను. చింతామణి మండీలో నాకు అలవాటైన హోల్‌సేల్ వ్యాపారి దగ్గర బేరమాడి, ఒక్కో ఇంటికి పది కిలోల బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్లు, ఉప్పు, కారం, సబ్బులు, టీపొడి, చక్కెర, ఒక దుప్పటి చొప్పున మూటలు కట్టించాను. చిల్లర ధరకు కొంటే ఎన్ని మూటలు తగ్గేవో లెక్కవేసి అందరికీ చూపించాను. అందరూ మెచ్చుకున్నారు. చందా డబ్బులో రూపాయి వృథా కాకూడదన్నదొక్కటే అప్పటి నా లెక్క. ఆ రూపాయి ఎవరి చేతిలో పడాలన్నది నాకు తట్టలేదు. టెంపో ఎక్కించి మదనపల్లె, రాయచోటి మీదుగా బయల్దేరాం.

ఊరి పేరు చెప్పను. చెయ్యేటి గట్టున ఒక ఊరు. దారి పక్కన కాస్త ఎత్తుగా, టెంపో తిరగడానికి వీలుగా ఉన్న చోటు చూసి ఆపాం. జనం వచ్చి వరస కట్టారు. మూటలు దించుతుండగా చూశాను, మేం ఆపింది ఒక అంగడి ముందు. గోడల మీద మనిషి ఎత్తున బురద గీత. లోపల బురద ఎత్తి కడిగేశారు. చెక్కలు ఆసరాగా పెట్టి వాటి మీద కొత్త సరుకు సర్దారు. రెండు బియ్యం బస్తాలు, పప్పు, నూనె ప్యాకెట్లు, సబ్బులు, అగ్గిపెట్టెలు, బీడీ కట్టలు. గుమ్మంలో ఒకామె చీపురు పట్టుకుని నిలబడి మా మూటల్ని చూస్తోంది. వరసలో నిలబడలేదు. అందరికీ ఇచ్చాక ఒక మూట మిగిలితే నేనే తీసుకుపోయి ఆమెకు ఇవ్వబోయాను.

"నాకొద్దన్నా. ఇండ్లు పోయినోళ్లకియ్యి," అంది.

"నీకూ నష్టమేగా తల్లీ, తీసుకో," అన్నాను.

అప్పుడు ఆమె లోపలికి చెయ్యి చూపించింది. "నిన్ననే రాజంపేట సేటు కాళ్లు పట్టుకోని సరుకు తెచ్చినా. కమ్మలు కుదువబెట్టినా. ఈ పొద్దు తెరుద్దామని. ఇంగ నెల దినాలు ఈ ఊర్లో ఎవరు బియ్యం కొంటారన్నా?"

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నేను ఏదో ఒక జవాబు చెప్పుకునేవాణ్ని. లెక్క అడిగింది, అంతే. అంగడివాణ్ని, లెక్క నాకు వెంటనే అర్థమైంది. అప్పటికే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటికి 25 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు నూనె, కిలో ఉల్లిగడ్డలు, కిలో ఆలుగడ్డలు, 2,000 రూపాయలు ఇస్తోంది. మాకన్నా ముందు వేరే ఊళ్ల బళ్లు వచ్చిపోయాయి. మా వెనక ఇంకోటి వస్తోంది. ఆ ఊళ్లో ఆ పూట బియ్యానికి కొదవ లేదు. తడిసిన ఇంట్లో బియ్యం మూటలు పెట్టుకునే పొడి చోటు లేక, కొందరు సగం ధరకన్నా తక్కువకు అమ్మేశారని తర్వాత విన్నాను. ఇంట్లో పొయ్యి లేదు, కట్టెలు తడి, గ్యాసు బండ కొట్టుకుపోయింది. వాళ్లకు కావలసినవి గిన్నెలు, పిల్లల మందులు, కరెంటు మిస్త్రీ కూలి, చచ్చిన గొడ్డును ఈడ్చే ట్రాక్టరుకు బాడుగ. ప్రభుత్వం ఇచ్చిన 2,000 వాటికే చాలలేదు.

తిరుగు దారిలో టెంపోలో కుర్రాళ్లు సంతోషంగా ఉన్నారు. నేను వాళ్లకు ఏమీ చెప్పలేదు. చెబితే వాళ్ల సంతోషం పాడవుతుందనుకున్నాను. నిజానికి చందా ఇచ్చినవాళ్ల ముందు నా బేరం తప్పని ఒప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఊరికి వచ్చాక సన్మానం చేస్తామంటే వద్దనలేదు, శాలువా కప్పించుకున్నాను. చాలా రోజులు నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఆ శాలువా.

ఇక రెండో పని. మిట్టేమరిలో నా అంగడిలో చేసింది.

డిసెంబరుకల్లా నా పుస్తకం నిండిపోయింది. శనక్కాయల మీద తీరుస్తామన్నవాళ్లు శనక్కాయలు లేక నిలబడిపోయారు. టమోటా కోసం తెచ్చిన మందుల అప్పే తీరనివాళ్లు ఉప్పుపప్పుల బాకీ ఎక్కడ తీరుస్తారు? మెట్ట పంట నష్టానికి హెక్టారుకు ఇచ్చే 6,800 రూపాయలను కర్ణాటక ప్రభుత్వం డిసెంబరులో 13,600కు పెంచింది. పెంపు మంచిదే, కాకపోతే సర్వే జరిగి, జాబితా తయారై, ఆ డబ్బు ఖాతాలో పడేదాకా ఇల్లు గడవాలి. అంతదాకా గడిపేది మా లాంటి అంగళ్లే. నాకు భయం పట్టుకుంది. అట్టముక్క మీద "ఉద్దర లేదు" అని రాసి గల్లాపెట్టె మీద పెట్టాను. అడిగినవాళ్లకు అట్టముక్క చూపించాను, మొహం చూడలేదు.

మా నాయన కాలం నుంచీ మా దగ్గరే కొనే ముసలి దంపతులు ఉండేవాళ్లు. ఒక ఆవు, ఆ పాల డబ్బే ఆధారం. ఆ నెలలో ఆవు ఒట్టిపోయింది. తాత వచ్చి కిలో రాగిపిండి, పావు కిలో చక్కెర అడిగాడు. నేను అట్టముక్క చూపించాను. ఆయనకు చదువు రాదు. "ఏముందప్పా దాంట్లో?" అన్నాడు. చదివి వినిపించాల్సి వచ్చింది. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా అంగడి ముందు నుంచి పోయేటప్పుడు దారికి అటు పక్కగా నడిచేవాడు. తర్వాత పాత బాకీ అంతా మనవడి చేత పంపించాడు గానీ ఆయన మాత్రం మళ్లీ రాలేదు.

అదే నెలలో నేను చింతామణి వెళ్లి హోల్‌సేల్ వ్యాపారి ముందు నిలబడ్డాను. ఆయనకు కట్టాల్సిన డబ్బు నా దగ్గర లేదు. నేను నోరు తెరవకముందే, "ఏమప్పా, మీ పక్క పంటలు పాయెనంట గదా. ఉగాది దాకా చూస్తాలే. అంగడి మాత్రం ఖాళీగా పెట్టుకోవద్దు," అన్నాడు. సరుకు ఎత్తించి పంపించాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చెయ్యేటి ఆమె గుర్తొచ్చింది, తాత గుర్తొచ్చాడు. ఆ వ్యాపారి నాకు ఇచ్చిన గడువు నా ఒక్కడి కోసం ఇచ్చింది కాదు, నా పుస్తకంలో ఉన్న మనుషులందరి కోసం ఇచ్చింది. దాన్ని నేను నా దగ్గరే ఆపేశాను.

ఆ రాత్రి పుస్తకం ముందేసుకుని, నగదుకు కొనేవాళ్లెవరు, ఉద్దరకు కొనేవాళ్లెవరు అని విడివిడిగా రాసి చూశాను. ఇన్నేళ్లలో ఎన్నడూ చేయని పని. నగదువాళ్లు తగ్గిపోయి ఉన్నారు. బడి అయ్యవార్లు, బెంగళూరు నుంచి డబ్బు వచ్చే ఇళ్లు, నెల జీతం ఉన్నవాళ్లు కరోనా తర్వాత నెల సరుకంతా ఒకేసారి పట్నంలో పెద్ద మార్ట్‌లో కొనుక్కోవడం మొదలుపెట్టారు. అక్కడ కిలోకు రెండు రూపాయలు తక్కువ, ఆ మాట నిజమే. నా దగ్గరికి అర్ధరాత్రి తలనొప్పి మాత్రకు, చుట్టాలొస్తే పాల ప్యాకెట్‌కు వస్తున్నారు. మిగిలినవాళ్లంతా ఉద్దరవాళ్లే. అంగడికి నగదు ఊట బావిలో జల లాంటిది. అది ఊరుతున్నంతకాలం ఎవరు చేద వేసినా నీళ్లు వస్తాయి. నెల జీతాలవాళ్లు నాకిచ్చే నగదుతోనే నేను చింతామణిలో సరుకు తెచ్చి, వాన దెబ్బ తిన్న రైతుకు మూడు నెలలు అప్పు ఇవ్వగలుగుతున్నాను. వాళ్లు నా దగ్గర కొనడం మానేస్తే పోయేది నా ఒక్కడి లాభం కాదు. ఇది వాళ్లకు తెలియదు. నాకూ ఆ రాత్రిదాకా సరిగ్గా తెలియదు.

చెయ్యేటి ఊళ్లో మేం చేసింది కూడా అదే. చేతిలో 2,000 ఉన్నవాళ్లు ఆమె దగ్గర బియ్యం కొని ఉంటే ఆ నగదుతో ఆమె రాజంపేట సేటుకు కట్టి మళ్లీ సరుకు తెచ్చేది. బళ్లు రావడం ఆగిపోయిన నెలల్లో, ఏమీ లేనివాళ్లకు ఉద్దర ఇచ్చేది. మేం ఆ చక్రాన్ని మొదట్లోనే ఆపాం. చేతులు ఖాళీ అయ్యే సమయానికి మేమెవరం అక్కడ లేం. ఉండాల్సింది ఆమె అంగడి.

ఈ సంగతి మా అమ్మాయికి చెబితే, అప్పుడు డిగ్రీలో అర్థశాస్త్రం చదువుతుండేది కదా, అమర్త్యసేన్ గురించి చెప్పింది. 1981లో వచ్చిన తన పుస్తకంలో ఆయన, కరువుల్లో జనం చచ్చిపోయేది తిండి లేక మాత్రమే కాదనీ, ఉన్న తిండిని కొనే శక్తి పోవడం వల్ల కూడాననీ బెంగాల్ కరువు లెక్కలతో చూపించాడట. మా వైపు పెద్దలు చెప్పే, 1876లో మొదలైన ధాత కరువు నాకు గుర్తొచ్చింది. అప్పట్లోనూ రైళ్లలో ధాన్యం కదిలింది, కొనడానికి మనిషి చేతిలో కాసు లేదు. అమ్మాయి ఇంకో సంగతి కూడా చెప్పింది. అమెరికా నుంచి సబ్సిడీ బియ్యం వచ్చిపడి హైతీ దేశంలో వరి రైతులు దెబ్బతిన్నారు. ఆ విధానం తమ తప్పేనని బిల్ క్లింటన్ 2010లో, అక్కడ భూకంపం వచ్చిన రెండు నెలలకు, అమెరికా సెనేట్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు. అంత పెద్ద మనిషి అందరి ముందూ చెప్పగా లేనిది, మా ఊరి చందాదార్ల ముందు నేను ఎందుకు చెప్పకూడదనిపించింది. చెప్పాను. నాకు శాలువా కప్పిన బడి అయ్యవారికే ముందు చెప్పాను. ఆయన చాలాసేపు ఊరుకుని, "ఇంకా కొంచెం డబ్బు మిగిలింది గదా, దాన్నేం చేస్తాం?" అన్నాడు.

ఆ మిగిలిన డబ్బుతో సంక్రాంతి లోపల మళ్లీ అదే వైపు వెళ్లాం. ఈసారి సరుకు తీసుకుపోలేదు. ఇంటికి 500 రూపాయల విలువ చేసే చీటీలు అచ్చు వేయించాం. ఊళ్లో అంగళ్లలో సరుకు తీసుకుని చీటీ ఇచ్చేస్తే, అంగడివాళ్లకు మేం డబ్బు కడతాం. ఇది కూడా మొదట సరిగ్గా చేయలేదు. ఎక్కడెక్కడ పొరబడ్డామో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే రేపు ఇంకెవరైనా ఈ పని చేస్తే పనికొస్తుంది.

చీటీల మీద నూనె తీసుకున్నవాళ్లు ధర ఎక్కువని గొణిగారు. అంగడివాళ్లు ఆశపడ్డారని మా కుర్రాళ్లు కోప్పడ్డారు. నేను లోపలికి వెళ్లి అడిగితే తెలిసింది. పాత బాకీ తీరకపోవడంతో హోల్‌సేల్ వాళ్లు కొత్త సరుకు ఇవ్వడం లేదు. వీళ్లు పట్నంలో చిల్లర ధరకే కొని, ఆటో బాడుగ పెట్టి తెచ్చి, రెండు రూపాయలు కలిపి అమ్ముతున్నారు. చీటీ చెల్లాక డబ్బు కడతామంటే, చీటీ చెల్లించడానికి సరుకు ఎక్కడి నుంచి వస్తుంది? చీటీ కన్నా ముందు డబ్బు అంగడికి చేరాలి. అంగడివాణ్నైన నాకే ఇది తట్టలేదు. అప్పటికప్పుడు ఒక్కో అంగడికి కొంత ముందుగా ఇచ్చాం. ఆ వారంలోనే ధరలు దిగాయి.

చీటీ మీద చిల్లర అంగడి అని మాత్రమే రాయించడం ఇంకో పొరపాటు. ఆ కమ్మలు కుదువపెట్టిన ఆమే ఎత్తి చూపింది. "మంగలాయప్ప కత్తులు కుర్చీ కొట్టకపాయె. మిషను కుట్టేదాని మిషను బురదలో పడె. టీ బంకాయప్పకు స్టవ్వు లేదు. వాళ్లంతా నా దగ్గర ఉద్దర తినేటోళ్లే గదన్నా. వాళ్లకు పని లేకుంటే నాకు బాకీ ఎవరు కడతారు?" అంది. ఒక్క అంగడిని నిలబెట్టడం అనేది ఉండదు, వీధిని నిలబెట్టాలి. కుట్టు మిషను బాగుచేయించడానికి మిస్త్రీని పిలిపించాం, ఆ కూలి చందాలోంచి ఇచ్చాం. టీ బంకుకు స్టవ్వు కొన్నాం. కొన్నది కూడా రాజంపేటలోనే. చింతామణిలో ఇంకాస్త తక్కువకు దొరికేది, అయినా కొనలేదు.

మా తాలూకా వాళ్లం ఏదో కొత్తది కనిపెట్టామని చెప్పడం లేదు. 2018 ఆగస్టు వరదల్లో కేరళలో చేందమంగళం నేతగాళ్ల చీరలు ఓణం అమ్మకాల ముందు బురదలో మునిగాయి. తగలబెట్టాలనుకున్న ఆ గుడ్డను లక్ష్మీ మీనన్, గోపీనాథ్ పారయిల్ అనే ఇద్దరు చేకుట్టి బొమ్మలుగా చేయించారు. ఒక్కో బొమ్మ 25 రూపాయలు. పదమూడు వందలకు కూడా అమ్ముడుపోని చీరలోంచి దాదాపు 360 బొమ్మలు వచ్చాయి. దేశదేశాల వాళ్లు కొన్నారు. ఆ డబ్బు నేతగాళ్లకు చేరింది. ఆ బొమ్మ మీద మరక అలాగే ఉంటుంది, దాచలేదు. సరుకు పాడైనా కొనేవాడు దొరికితే మగ్గం ఆడుతుందని వాళ్లు చూపించారు. ఇంకో పక్క 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో, దేశమంతా పంపిన పాత బట్టలు వేసుకునేవాళ్లు లేక రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండటం ఆనాడు పేపర్లన్నీ రాశాయి. పంపినవాళ్లు మనసున్నవాళ్లే. మేం కూడా అదే బాపతు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు మా ఊళ్లో మళ్లీ చందా మాట వచ్చింది. కుర్రాళ్లు టెంపో మాట్లాడబోతుంటే ఈసారి అయ్యవారే ఆపారు. ఆ నెల ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన సాయంలో మునిగిన ఇళ్లతో పాటు చిన్న కిరాణా కొట్లకు 25,000, ఆటోలకు 10,000, బైకులకు 3,000 రూపాయలు, తోపుడుబండ్లు పోయినవాళ్లకు కొత్త బండ్లు అని ఉంది. ఆ వార్త చదివి నేను చాలా సంతోషించాను. ప్రభుత్వం లెక్కలో కొట్టు అనే మాట రావడం చిన్న విషయం కాదు. అయితే సింగ్‌నగర్‌లాంటి చోట ఇడ్లీబండి నడిపేవాళ్లకు బండి వచ్చినా పిండి, గ్యాసు, మొదటి వారం నష్టం తట్టుకునే పెట్టుబడి ఉండదు. అక్కడ అద్దెకుండే మా ఊరి కుర్రాడొకడు వీధి తిరిగి, ఎవరు ఏ హోల్‌సేల్ కొట్టుకు ఎంత బాకీ ఉన్నారో కనుక్కుని రాసి పంపాడు. మా చందా నేరుగా ఆ బాకీల్లో జమ చేయించాం. జమ అయిన మరునాటి నుంచీ వాళ్లకు సరుకు దొరికింది.

ఇక నా అంగడి సంగతి. అట్టముక్క తీసేశాను. ఉద్దర ఇష్టమొచ్చినట్టు ఇవ్వడం లేదు. వరద ఏడాదో కరువు ఏడాదో అయితే ఇంటికింత అని హద్దు పెట్టుకుని, ఆ హద్దులోపల ఎవరినీ వెనక్కి పంపడం లేదు. నగదుకు కొనగలిగినవాళ్ల ఇళ్లకు నేనే వెళ్లి పుస్తకం తెరిచి, పేర్లు మూసిపెట్టి, లెక్క చూపించాను. మార్ట్‌కు వెళ్లొద్దని అడగలేదు. నూనె, బియ్యం అక్కడే కొనుక్కోండి, పప్పులు, చింతపండు, సబ్బులు నా దగ్గర కొనండి, అవి నేను మంచివి తెస్తానని చెప్పాను. కొందరు వింటున్నారు, కొందరు వినలేదు. వినని వాళ్ల మీద నాకు కోపం లేదు. రెండు రూపాయలు వాళ్లకూ రెండు రూపాయలే. కానీ వాన చెడగొట్టిన ఏడాదిలోనైనా, ఆ రెండు రూపాయలు పక్కింటివాళ్ల రాగిపిండి అవుతాయని వాళ్లకు తెలిసి ఉండాలి. అది చెప్పడం అంగడివాళ్ల పని. మేం చెప్పకపోతే వాళ్లకు ఎవరూ చెప్పరు.

తాత ఇంటికి వెళ్లాను. క్షమించమని అడిగాను. "నీకూ కష్టమే గదప్పా," అన్నాడు. కూర్చోమని చెప్పి మజ్జిగ ఇచ్చాడు. అంగడికి మాత్రం రాలేదు. ఆయన కోడలు వస్తోంది.

ఒక్క చిక్కు మాకింకా తెగలేదు. ఏ అంగడిలోనూ ఖాతా లేనివాళ్లు ఉంటారు. ఇటుకబట్టీలకు వలస వచ్చినవాళ్లు, ఏటిగట్టున గుడిసె వేసుకున్నవాళ్లు, ఊరూరా తిరిగేవాళ్లు. చీటీ ఇద్దామంటే జాబితాలో పేరుండదు, బాకీలో జమ చేద్దామంటే వాళ్లకు బాకీ ఇచ్చినవాళ్లే ఉండరు. వరద వచ్చిన మొదటి రోజుల్లో వాళ్లకు కావలసింది వండిన అన్నమే, తర్వాత బియ్యమే. వాళ్ల కోసం ఇప్పటికీ మూటలు కట్టిస్తున్నాం. ఆ మూటలు చింతామణి నుంచి తీసుకుపోవడం మానేశాం. ఆ ఊళ్లోనే ఏ అంగడి తెరిచి ఉందో ముందు ఫోనులో కనుక్కుని, వాళ్లకు డబ్బు పంపి, వాళ్ల చేతే తూకం వేయించి, వాళ్ల చేతే ఇప్పిస్తున్నాం. గుడిసెలవాళ్ల మొహాలు అంగడివాళ్లకు తెలిస్తే, మా డబ్బు అయిపోయాక కూడా ఒక కిలో ఉద్దర పుడుతుందేమోనన్నది అయ్యవారి ఆలోచన. రెండు చోట్ల పుట్టింది, ఒకచోట పుట్టలేదు.